పెన్సిల్ రాత

ఆ ఊళ్లో మంచు కురవడం కబురు కాదు.
అత్త పోయిన రోజూ కురిసింది,
సుపీరియర్ సరస్సు మీంచి అడ్డంగా, కోపంగా.
ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి
ఊరి ఆఫీసు మెట్లు
పొద్దున్న ఏడైనా ఊడ్చి లేవు.
చాలామందికి అలాగే తెలిసింది.

లెంపి సారెలా.
మా నాన్నకు అక్క, నాకు మేనత్త,
నాలుగు వందల గడపల ఊరికి గుమాస్తా.
జీతం ఒంటిపూటకి,
పని రెండు పూటలా చేసినా తెమిలేది కాదు.

ముద్దు చేయడం రాదు ఆవిడకి.
నా తొమ్మిదో ఏట, కుక్కకి లైసెన్సు కోసం వెళ్తే
రెండు డాలర్లు తక్కువయ్యాయని
మైలున్నర వెనక్కి నడిపించింది.
తిరిగొచ్చేసరికి కుక్కకి బిళ్ల సిద్ధం,
నాకు కోకో కాగి ఉంది.
కౌంటరుకి అటువైపు గుమాస్తా,
ఇటువైపు అత్త.
మధ్యనున్న చెక్క తలుపు
ఆవిడ దాటినప్పుడల్లా కీచుమనేది.

ఒక నవంబరులో నాన్న ఊరి బోర్డుకి నిలబడ్డాడు.
ఓట్లు లెక్కపెట్టాల్సింది అక్క.
మూడుసార్లు లెక్కపెట్టింది,
వేలికి తడి అద్దుకుంటూ,
ఇద్దరు సాక్షుల ముందు.
రెండు ఓట్లతో ఓడాడని
నీటి పన్ను గడువు చదివే గొంతుతోనే చదివింది.
ఆ రాత్రి మా గుమ్మంలో
తువ్వాలు చుట్టిన చేపల పులుసు గిన్నె.
తలుపు తట్టిన చప్పుడు లేదు.
నాన్న రెండు రోజులు దాని వంక చూడలేదు.
మూడోనాడు చల్లదే తాగేసి
గిన్నె తోమి ఆఫీసులో ఇచ్చొచ్చాడు.
ఆయనేమన్నాడో, ఆవిడేమందో
మాకెవరికీ తెలీదు.

ఆదివారాలు చర్చిలో మూడో వరుస, కుడి చివర.
గొంతెత్తి పాడగా నేను వినలేదు.
పక్కన కొత్తవాళ్లెవరైనా కూచుంటే
పాటల పుస్తకంలో పేజీ తీసి చూపించేది,
వాళ్లు రాగం అందుకునేదాకా
వేలు ఆ పంక్తి మీదే ఉంచేది.
భక్తి అంటే నాకిప్పటికీ ఆ వేలే.

మా దగ్గర చలికాలంలో పోయినవాళ్లు
మే నెల దాకా ఆగాలి,
నేల గడ్డపారని దిగనిచ్చేదాకా.
అత్త కూడా ఆగింది,
రాతిగదిలో, తన వంతు కోసం.
ఆ వంతుల జాబితా కూడా
జనవరి దాకా తన చేతిరాతే.

కొత్త గుమాస్తా కుర్రాడు రోరీ
గుడ్డ మీద గీసిన శ్మశానం పటం బల్ల మీద పరిచి,
నాలుగు మూలలా కాఫీ కప్పులు బరువు పెట్టి
నన్ను పిలిచాడు.
సరస్సు కనబడే మిట్ట మీద, తాత పక్కన,
అది ఆవిడదేనని అందరం అనుకున్న చోట
సిరాతో ఇంకొకరు.
పేరు కూడా లేదు.
"ఒడ్డుకొచ్చిన నావికుడు. ఎనభై ఏడు, అక్టోబరు.
బూడిదరంగు స్వెట్టరు."

ఆవిడ పేరు కింద ఉంది,
కంచె వారన, రోడ్డుని ఆనుకుని,
పెన్సిల్‌తో.
పుట్టిన తేదీ వేసుకుంది.
రెండోదానికి జాగా వదిలింది.
గుండుసూదికి రసీదు, పూర్తి ధరకి.
రోడ్డు పక్క స్థలాలకి సగమేనని
తనే రాసిన నిబంధన
గోడకి వేలాడుతూనే ఉంది.
రసీదు వెనక, చిన్న అక్షరాల్లో:
"మంచు బండి చప్పుడు వినబడుతుంది."

తెల్లారగట్ల నాలుక్కి ఆ బండివాడు
ఆవిడకి ఫోను చేసేవాడు,
బడి దారి తీశాను లెంపీ, అని.
అది విన్నాకే ఓ గంట కునుకు.

పెన్సిల్ మీద సిరాతో దిద్దాలి, అది పద్ధతి.
తేదీ నన్ను వేయమన్నాడు రోరీ.
చెయ్యి వణికి
ఏడు అంకె ఒకటిలా పడింది.
అత్త ఉంటే వెనక్కి తోసేది,
సరిగ్గా రాయి, అని.

సరిగ్గా రాశాను.