ఎన్ని మిరపకాయలు

పదైదు దినాలకొక శుక్రవారం
మాపుటేళ ఆరు నించి పదిన్నర దాకా
నా చేతులు నావి.

జిలీబ్‌లో జమియా వెనక ఇసక బయలు.
పగటిపూట ఆడ పాత టైర్లు, పిల్లులు, ఎండ.
రాత్రయితే ఒక జనరేటరు దగ్గుతాది,
దాని తోకకు బల్బులు కాస్తాయి,
వాటి కింద పొగలు.

మారివిక్ నా చెయ్యి పట్టుకోని నడిపిస్తాది.
పక్కిల్లే దానిది, బిడ్డల్ని కడిగి పండబెట్టే పని.
దాని అరబ్బీ, నా అరబ్బీ
రెండూ కలిస్తే ఒక మనిషి మాట్లాడినట్లు.

నేపాలోళ్ల మోమోలు. మూత తీస్తే
ఆ పిల్లోని కండ్లద్దాలు తెల్లంగయితాయి,
తుడుచుకోకుండానే లెక్కపెడతాడు, పదికి పది.
ఢాకా పెద్దాయన డబ్బాలో బొరుగులు పోసి
ఆవనూనె చుక్క, ఎర్రగడ్డ తరుగు,
చెవికాడ పెట్టుకోని గలగల ఆడిస్తాడు.
ఉప్పు సరిపోయిందో లేదో చప్పుడే చెప్తాదంట.
మారివిక్ వాళ్లోళ్లు పుల్లకు గుచ్చి కాల్చేది కోడిపేగులు.
"తిను, బాగుంటాది" అంటాది భయపడతా.
"మా ఊర్లోనూ పారెయ్యంలే" అంటాను.

నా కండ్లు మాత్రం సెలవు తీసుకోవు.
ఈ నూనె రెండోసారి కాగింది.
ఈ పిండి ఇంకో గంట నానాల.
ఏడేండ్లాయె, దివానియాకొచ్చే ముప్పై మందికి
మచ్బూస్ వండబట్టి.
అందరూ తిని, చేతులు కడిగి, చాయ్ తాగి,
పళ్లేలు తోమినాక
స్టవ్వు పక్కన నిలబడి
అడుగున మిగిలింది తింటాను.
అన్నం నోరు కాలుస్తాదనే సంగతే మరిచిపోయినాను.

ఆ చివర, లారీ నీడలో,
ఒక థాయి ఆమె మట్టిరోలు పెట్టుకోని కూసుంటాది.
పచ్చి బొప్పాయి తురుము, వేంచిన శనక్కాయలు, తెల్లగడ్డ.
కొయ్యబండతో దంచుతాంటే
టొప్పు, టొప్పు, తడి చప్పుడు.
మా ఊరిబిండికి ఇది పినతల్లి బిడ్డ, అనుకుంటి.
ఆమె తలెత్తి
ఒక వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్లు చూపించింది.
నాకు అర్థం కాల్యా.
మారివిక్ చెప్పింది:
ఎన్ని మిరపకాయలని అడుగుతాంది.

ఎన్ని మిరపకాయలని.
నన్ను.

మేడమ్‌కు సగం, బాబాకు ఒకటి,
పెద్ద కొడుక్కు వద్దే వద్దు,
ముసలమ్మకు గింజలు తీసి...
ఇంట్లో అందరి నాలికలూ నా తలకాయలో ఉన్నాయి.
నాది వెతుక్కోవాల్సొచ్చింది.
అరచెయ్యి మొత్తం తెరిచి చూపించినాను.
ఆమె నవ్వింది. ఐదు వేసింది.
నన్ను చూసి ఇంకొకటి కూడా వేసిందేమో.

మొదటి పిడస నోట్లో పడిందో లేదో
ఎవరో అరిచినారు, "బలదియా!"

రెండే నిమిషాలు.
జనరేటరు ఆగిపాయె.
మోమోల కుండ పొగ కక్కతానే కారు డిక్కీలోకి ఎక్కె.
బొరుగులాయన దుప్పటి నాలుగు కొసలూ ముడేసి
అంగడంతా భుజానేసుకోని చీకట్లోకి పాయె.
థాయి ఆమె ఒక చేత సంచి, ఒక చేత గంప,
రోలు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
అంతే.

అబాయా కింద రోలు పెట్టుకోని ఉరికినాను,
ముక్కులో నీళ్లు కారతా, నోరు మండతా.
బస్సులో ఒక మలబారాయన
నా ఏడు నెలల కడుపు చూసి
లేచి సీటిచ్చె.
మారివిక్ కిటికీ దిక్కు తిరుక్కోని
నవ్వలేక చచ్చె.

ఇప్పుడది నా మంచం కింద ఉంది.
పొద్దున మేడమ్ గదిలోకొచ్చి ముక్కు చిట్లించి
"ఓబూ, ఏం వాసన?" అనె.
ఓబుళమ్మలో ఆమె నోటికి పట్టింది అంతమటుకే.
"తెలీదు మామా" అంటి.

చేప ఊట, నిమ్మకాయ,
అడుగున అతుక్కోని ఒక మిరప గింజ.
కడగలేదు.
ఇంకా పదకొండు దినాలు.
రోలు ఇచ్చేటప్పుడు ఆమె పేరడగాల.
ఎట్లడగాలో
దీపమార్పినాక
వేళ్లతో నేర్చుకుంటాన్నా.