తీపి పట్టిన మోకు

చీమలు ముందే చెప్పినయి.
గోడమూల నేను ఒంటికి పోయిన కాడ
బారుగట్టి వస్తే
మాపటి లొట్టి ఒలికిందనుకున్న.
ముప్పై ఏండ్లు తాళ్ల తీపి దించినోణ్ని,
నా తీపి నేను పసిగట్టలే.

మాఘమాసం. పోద్దాడు. ఆ పొద్దు ఏడో చెట్టు.
గుజిల కాళ్లు పెట్టి పైకి తన్నినప్పుడు
మడిమె ఎనుక
కొత్త తువ్వాల చింపినట్టు సప్పుడు.
ముందు నొప్పి గాదు, సప్పుడే.
ఎవడో రాయితోని కొట్టిండని
కిందికి జూసిన. ఎవడు లేడు.
ఒంటికాలు మీద ఎట్ల దిగిన్నో
ఆ చెట్టుకే ఎరుక.

వరంగల్ల పెద్ద దవాఖాన్ల
డాక్టరమ్మ నా పిక్క ఒత్తి చూసింది.
పాదం కదల్లే.
"నరం తెగింది రాజమౌళీ."
నెత్తురు పారే నరం కాదంట,
పిక్కను మడిమెకు కట్టిన తాడంట.
తాడు సంగతి నాకు చెప్పాల్నా!
కుట్టిన్రు. పిండికట్టు వేసిన్రు.

పక్క మంచం మీద రాయపర్తి కబడ్డీ పోరడు,
వానిది గూడ అదే తాడు, అదే మడిమె.
అయిదో నెలకు వాడు ఉరుకుతున్నడని
వాళ్లమ్మ ఫోన్ల మురిసింది.
నాది ఎనిమిదో నెల.
మెట్టు దిగాలంటే గోడ అడుగుతున్న.

"షుగరు," అన్నది డాక్టరమ్మ, "మూడొందల ఇరవై."
తీపికి తాడుకు ఏం పనమ్మా, అన్న.
కాయితం మీద గీతలు గీసి చూపెట్టింది.
పోగులు ఒక్క తీరుగ పారాల్సింది
అడ్డదిడ్డం పడుతున్నయంట.
తీపి వాటి నడుమ జిగురై కూసుంటదంట.
సన్న నెత్తురు తొవ్వలు మూసుకపోయి
బాగుచేసే కూలోళ్లు ఆలిశంగ వస్తరంట,
వచ్చినోళ్లు పని ముట్టకుండ
వాపు పెట్టుకోని నెలలకు నెలలు కూసుంటరంట.
"చేతికి గట్టిగనే తగుల్తది.
కని సాగది. అదే భయం."

ఆగమ్మా, అన్న.
ఇది నాకు ఎరుకే.

మోకు మీద కల్లు కారి ఎండుతది.
పట్టించుకోకుంటే వారానికి కర్రయితది.
కొత్తోడు పట్టుకోని
ఎంత గట్టిగున్నదో అని మురుస్తడు.
అది వంగిన కాడ లోపట్నుంచి పగుల్తది,
కండ్లకు కనవడది.
మా నాయిన దినాం మాపు
దాన్ని కాలువల నానేసి, కాళ్లతోని తొక్కి,
నీడకు ఆరేసేటోడు.
"చెట్టు మోసం చెయ్యదురా,
కడగని మోకు చేస్తది."
నేను గూడ కడిగిన. ఒక్క దినం తప్పలే.
మోకునైతే కడిగిన.

గిప్పుడు ఉప్పలమ్మ బెల్లం డబ్బ ఎక్కడ దాచిందో
నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు.
పొద్దుగాల ఒక గోళీ, మాపు ఒక గోళీ, జొన్న గట్క.
బేస్తారం బేస్తారం ఫర్హానా మేడం కాడికి బస్సు.
"గోడ పట్టుకో చాచా. మడిమె లేపు."
మొదటి నెల అది నేలకు మొలిచినట్టుండె.
తర్వాత దాని కింద
అగ్గిపెట్టె పండవెడితే పట్టింది.
మొన్న నిలవెట్టి చూసింది.
పట్టలే. కొద్దిల పట్టలే.
ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే,
ముప్పై గజాలు ఎక్కినోణ్ని,
అగ్గిపెట్టె కాడ ఆగిన.

మళ్ల చెట్టెక్కుతనా అని అడుగుత.
"ముందు షుగరు దిగనియ్యి" అంటది.
ఎక్కుడు దిగుడు నాకేం కొత్త,
కని ఈ దిగుడు
పట్టుకునేటందుకు ఏం లేని దిగుడు.
నూటా అరవై అయిందని ఒక పొద్దు సంబురం.
మా తమ్ముని బిడ్డ వరపూజకు
ఒక్క లడ్డు, ఒకే ఒక్కటి,
మర్నాడు రెండొందల నలభై.

మోకు దూలానికి ఏలాడుతంది.
ఎప్పటి కల్లో దాని పోగుల్ల ఉన్నదేమో,
చీమలు ఇంకా పైకి పాకుతున్నయి.
గోడమూలకు మాత్రం
నాలుగు దినాలాయె, రాలే.

రేపు గూడ పోయి చూడాలె.