చక్రాల్లేనివి

ఆమదాలవలస పార్సిల్ ఆఫీసు గుమస్తాకి
నా పేరు తెలీదు.
"చక్రాల్లేని సైకిలాయనొచ్చినాడు" అని లోపలికి కేకేసి
గోనెపట్టా చుట్టిన కట్టని కౌంటరు మీంచి తోస్తాడు.
బరువుంటుందని నడుం బిగించి ఎత్తాను.
నీళ్లున్నాయనుకుని ఖాళీ బిందె ఎత్తినట్టు
చెయ్యి గాల్లోకి లేచిపోయింది.

ఇది పదకొండోది.

లేతు షాపు వెనక పెంకుటిల్లు,
దూలాలకి పశువుల పలుపులతో కట్టి వేలాడదీశాను.
కొండలెక్కడానికి పుట్టిన ఫ్రేములు.
సీట్లేదు, హ్యాండిల్లేదు,
ఒక్కదానికీ మళ్లీ చక్రం తొడిగే ఉద్దేశం నాకు లేదు.
కూర్మావతి మొదట్లో అడిగేది, ఏది ఎంత పడిందని.
ఇప్పుడు వానాకాలం వాటి మీద బట్టలు ఆరేస్తుంది.
టైటానియం మీద తువ్వాలు తొందరగా ఆరుతుందంటుంది.
అది నిజం కాదు. నేను కాదనలేదు.

ముప్పై ఏళ్ల కిందట ఎవడో
ఇనుము చాలదనుకున్నాడు.
అల్యూమినియంలో పింగాణిలాంటి గట్టి పొడి కలిపి
గొట్టాలు లాగాడు.
అతుకు దగ్గర వెంట్రుకంత బీట.
చెరకు ఫ్యాక్టరీ మూతపడేదాకా
దాని బాయిలర్లకి అతుకులేసిన చెయ్యి నాది,
ఆ బీట మీద మంట పెట్టబుద్ధి కాలేదు.
వాడు ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోయాడో
అక్కడ వదిలిన గుర్తు అది.

మెగ్నీషియం దానికి ఉప్పుగాలి పడదు.
కళింగపట్నం వైపు నుంచి గాలి తిరిగితే చాలు
ఒళ్లంతా తెల్లటి పొక్కులు.
కూర్మావతి సీసాలోంచే కొబ్బరినూనె తీసి రాస్తాను,
ఆవిడ చూడనప్పుడు.

నల్లది బొగ్గుపోగులతో నేసి జిగురుతో బిగించింది.
పొందూరులో నూలు వడికే మా మేనత్త వచ్చినప్పుడు
రంగు లేచిపోయిన చోట గోటితో గీకి
"పోగు తిన్నగా పడనేదురా, మగ్గం మీద నిద్రపోనాడు" అంది.
విరిగింది సరిగ్గా అక్కడే.

ఏది ఏ లోహమో తేలకపోతే
బస్సెక్కి బుడితి వెళ్తాను, ఫ్రేమ్ భుజాన తగిలించుకుని.
కండక్టరు దానికీ టిక్కెట్టు కొడతాడు.
ముఖలింగం దాన్ని తాడుకి వేలాడగట్టి
చింతకర్రతో ఒక్క దెబ్బ వేసి
చెవి ఆనించి చాలాసేపు ఉంటాడు.
కంచు గంటలు పోసిన ఇంట పుట్టినవాడు.
"ఇత్తడి కాదు, కంచు కాదు.
దీనికి నోరుంది బాబూ,
మాట నేర్పినోడే నేడు."
నేను నోటుబుక్కులో రాసుకుంటాను,
తారీఖు వేసి, ఆ మాటే.

తిత్లీ తుఫాను రాత్రి
పెంకులు ఒక్కొక్కటే లేచిపోయాయి.
కరెంటు లేదు. మంచం కింద మేమిద్దరం.
గాలి దూరింది వాటిలోకి,
సీటు గొట్టంలోంచి, నీళ్లసీసా బిగించే మర బొక్కల్లోంచి,
ముందు సన్నగా ఒకటి,
తర్వాత దాని కింద మరొకటి,
పలుపులు కోసుకుపోతున్నట్టు గిరగిరా తిరుగుతూ
ఒక్కోటీ ఒక్కో గొంతుతో ఊళ వేశాయి.
కూర్మావతి నా చెయ్యి గట్టిగా పట్టుకుని
"ఎన్ని?" అంది.
లెక్కపెట్టలేకపోయాను.

దారులు తెరిచాక బుడితి వెళ్లాను.
ముఖలింగం ఇంటికి కప్పు లేదు.
బురదలో కూరుకుపోయిన చెంబులు తీసి
గడ్డితో తోముకుంటున్నాడు.
ఆ రాత్రి సంగతి చెప్పాను.
తోమడం ఆపాడు.

"ముందు ఏది పలికింది?"

చీకట్లో నాకేం తెలుసు.
బీటున్నదన్నాను.
అతను తలూపి చేతిలో చెంబుని
గోటితో ఒకసారి కొట్టి, విని,
పక్కన పెట్టాడు.