గార

నీళ్ళన్నీ తోడేశాకే తెలిసింది
ఈ తొట్టె ఎంత ముసలిదో.
లోపల నాలుగు పక్కలా తెల్లటి గార,
గోటితో గీకితే గోరే అరిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇది
డాక్టర్ హెన్రికా క్లినిక్ ముందుగదిలో ఉండేది.
పంటినొప్పితో వచ్చినవాళ్ళు
ఎప్పట్నుంచి నొప్పి అంటే నీళ్ళు నమిలేవాళ్ళు.
ఎదురుగా చేపలదీ అదే పని.

వాటికి పేర్లు పెట్టలేదు.
ఒక్కదానికి తప్ప:
అద్దానికి నోరానించి పాకుతూ
పొద్దస్తమానం నాచు గీకే నల్లచేప.
దాన్ని డాక్టర్ 'అసిస్టెంట్' అనేవారు.
నన్నూ అలాగే పిలిచేవారు.
నాచు దానికి లొంగింది గాని
గార లొంగలేదు.

మా హెవ్మ్ ఊరు సుద్ద మీద కూర్చుంది.
వీధుల కింద పాతకాలపు వాళ్ళు
సుద్ద తవ్వుకుపోయిన సొరంగాలు.
కుళాయి తిప్పితే
నీళ్ళతో పాటు ఊరి అడుగు కాస్త జారి
కెటిల్లో, ఇస్త్రీపెట్టెలో, షవర్ కన్నాల్లో చేరుతుంది.
మేం దాన్ని రాయి అనే అంటాం.
పళ్ళ మీద పేరుకునే దానికీ అదే పేరు.
డాక్టర్ ఆ రాయి తీస్తుంటే
ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుని
నేను పక్కన నిలబడేదాన్ని.

క్లినిక్ మూసేసినప్పుడు
కుర్చీ అమ్ముడుపోయింది, దీపం అమ్ముడుపోయింది.
దీన్ని ఎవరూ అడగలేదు.
మార్చి బురదమంచులో
కింది వాటా కుర్రాడు కాయెతాన్
తన స్లెడ్జి మీద లాక్కొచ్చాడు.
ఒళ్ళో బకెట్టు పెట్టుకుని
బస్సులో నేనూ, నల్లచేపా.

స్నానాల తొట్టిలో దీన్ని పక్కకి పడుకోబెట్టి
ఒక్కో అద్దం మీదా వెనిగర్ పోసి నిలవుంచాను.
చిటపటమని సన్నటి బుడగలు.
ఇల్లంతా ఊరేసిన దోసకాయల వాసన.
కాయెతాన్ ముక్కు మూసుకుని
"తింటోందా?" అన్నాడు.
"తింటోంది. నెమ్మదిగా తింటుంది."

తర్వాత బ్లేడు, ఏటవాలుగా.
మూలల్లో నల్లటి సిలికాన్ దగ్గరికి రాగానే
నా చెయ్యి దానంతటదే ఆగింది.
"చిగురు, చిగురు జాగ్రత్త!"
ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

గార అంతా ఒక్క తీరు కాదు.
పైనుంచి కిందికి గీతలు గీతలుగా ఉంది.
నీళ్ళు ఇగిరినా
మళ్ళీ పోయడం మరిచిన వారాలవి.
అన్నిట్లోకీ మందంగా, నాలుగు వేళ్ళ కింద, ఒకటి.
అది ఆ ఆగస్టు.
డాక్టర్ చెయ్యి వణకడం మొదలైన నెల.
కష్టమైన పళ్ళన్నీ లుబ్లిన్‌కి రాసి పంపేవారు.
తేలికైనవాటికి
ఆమె మణికట్టు కింద నా మణికట్టు ఉండేది.
రోగి కళ్ళు మూసుకుని ఉంటాడు కదా,
ఎవరికీ తెలియలేదు.
మేమిద్దరం కూడా ఆ సంగతి ఎత్తలేదు.
చూడనట్టు ఉండడం కూడా అసిస్టెంటు పనే.
తొట్టెలో నీళ్ళు దిగిపోవడం
నిజంగానే చూడలేదు.

మూడుసార్లు నానబెడితే గాని ఆ గీత కదల్లేదు.
కదిలాక గోరంత పెచ్చుగా ఊడొచ్చింది.
దాచుకుందామనిపించింది.
రాయిని దాచుకుని ఏం చేస్తాను?
వెనిగర్‌తో పాటు తూములోకి పోయింది.

దాని కింద అద్దంలో వంకరగీత ఒకటి.
కాయెతాన్ వేలు పెట్టి, "ఇదీ రాయేనా?"
"కాదు. ఇది అద్దానిది. ఇది పోదు."
మొక్క సర్దడానికి చెయ్యి లోపల పెట్టినప్పుడు
ఆమె ఉంగరపు రాయి గీసిందేమో.
ఆ ఉంగరం ఎప్పుడు తీసేశారో
నాకు గుర్తు లేదు.

నిన్న ఫోన్ చేశారు,
జామోష్చ్‌లో చెల్లెలి ఇంటి నుంచి.
రిసీవరు దేనికో తగులుతూ ఉంది, టకటక.
"అసిస్టెంట్ ఎలా ఉంది?"
ఎవరి గురించని నేను అడగలేదు.
"బాగుంది, కాస్త ముసలిదయింది" అన్నాను.

నీళ్ళు పోసి రెండు రోజులు.
నల్లచేప కొత్త అద్దం మీద
తినడానికేమీ దొరక్క తిరుగుతోంది.
దోసకాయ ముక్క వేశాను.
ఈ పొద్దున నీళ్ళు నూలుపోగంత దిగాయి.
దిగినచోట
వెంట్రుకంత తెల్లటి చార.
వేలితో తుడిస్తే పోయింది.
ఇంకా రాయి కాలేదు.