గ్రేడింగు

శ్రీకాకుళం నర్సింగు కాలేజీ నించట,
కాగితాలు పట్టుకొని ఒక గుంట వచ్చింది
కాశీబుగ్గలో మా జీడిపప్పు బట్టీకి.
"పిన్నీ, వేడి ఆవిర్లు వస్తన్నాయా?
సున్నా నించి నాలుగు దాకా
ఎంతో ఒక నెంబరు చెప్పు" అంది.

నవ్వొచ్చింది నాకు.
వెనకాల బాయిలరు, పైన రేకు.
మే నెల పలాసలో
ఏ వేడి నాదో, ఏ వేడి షావుకారుదో
ఎలా తేల్చేది తల్లీ?

అయినా తేల్చుకున్నాను.
బాయిలరుది వీపు మీంచి లోపలికి వస్తాది.
ఇది గుండె కింద అంటుకొని
మెడ మీదుగా చెవుల్లోంచి బయటికి పోతాది.
పుష్యమాసం తెల్లారగట్ల కూడా వచ్చింది.
దుప్పటి తన్నేసి గచ్చు మీద పడుకుంటే
మా ఆయన లేచి, "జొరమేటి?" అని
నుదురు ముట్టి, చెయ్యి తీసేసినాడు.
పోన్లే, ముట్టాడు.

నెంబర్లు నాకొద్దు, ఇలా రాసుకో:
గుండు, బద్ద, ముక్క, నూక.
ఇరవయ్యేడేళ్లుగా ఇదే నా లెక్క.
నిద్ర ఒకప్పుడు గుండు,
ఒరిగితే తెల్లారడమే.
ఇప్పుడు ముక్క. మనవడు దగ్గిన రాత్రి నూక.
కోపం మాత్రం గుండే.
మొన్న నీలాచలం మేస్త్రి
"పప్పు విరిగిపోతంది దాలమ్మా, చూపెక్కడుంది?" అని
కూలిలో రెండు కేజీలు కొట్టేస్తే
బకెట్టు తన్నేసినాను.
తన్నేసి, ఏడిచాను.

కీళ్లా? వేళ్లు చూడు.
పైన జీడి కరిచింది,
లోపల ఏటి కరుస్తందో తెల్దు.

"కారణాలు" అని ఇంకో పేజీ ఉంది.
వయసు, చదువు, కాన్పులు, రోజుకి టీలెన్ని.
టీలు నాలుగు. కాన్పులు మూడు,
మిగిలినోళ్లు ఇద్దరు. రాసుకుంది.
బాత్రూముకి తాళం ఉంటాదని,
తాళంచెవి మేస్త్రి జేబులో ఉంటాదని,
అందుకే మేం నీళ్లు తాగమని
రాయడానికి గడి లేదు.
కాసేపు పెన్ను పట్టుకొని ఊరుకుంది గుంట.
కాగితం తిప్పి వెనకాల రాసింది.

పక్క పీట మీద ఊర్మిళ, ముప్పయ్యారేళ్లది,
మూడేళ్ల కింద ప్రైవేటాసుపత్రిలో
గర్భసంచి తీసేసినారు.
"నన్నడగవేటి?" అంది.
"నలభై దాటినోళ్లనే అడగమన్నారు అక్కా."
"ఆ సంగతి దానికి తెల్దు గావాల,
రోజూ వచ్చి పోతంది" అంది ఊర్మిళ.
బట్టీ అంతా నవ్వింది.

నవ్వులోనే ఎక్కింది నాకు మళ్లీ.
చెవులు కాలిపోయి, జాకెట్టు వీపుకి అతుక్కుపోయి,
చెంగుతో విసురుకుంటన్నాను.
ఆ గుంట కాగితాల కింద అట్ట లాగి
నాకు విసరడం మొదలెట్టింది.
రాసిందంతా ఎగిరి పొట్టులో పడింది,
అయ్యో అని వంగబోయింది.

ఉండవే.
ముందు ఇటు విసురు.