మసి అనుకున్నాం

మా వీధిలో అందరి పాదాలూ నలుపే.
పోర్టులో బొగ్గు దించే రోజున
గాలి ఇటు తిరిగిందంటే
ఆరేసిన బట్టలు, మూతలేని పాలగిన్నె, గుమ్మం ముందు ముగ్గు,
మధ్యాహ్నానికి అన్నిటిదీ ఒకే రంగు.
అందుకే నూకరత్నం మడమ మీది చుక్కని
మసి అనుకున్నాం.

తనూ అలాగే అనుకుంది.
కొబ్బరిపీచుతో, సున్నిపిండితో,
స్నానాలగది గచ్చుకేసి
ఏడాదిపాటు రుద్దింది.
కందిగింజ చింతపిక్కయ్యాక ఆనెకాయన్నారు,
పూర్ణా మార్కెట్ మందుల షాపాయన పట్టీ ఇచ్చాడు.
మా అత్తగారు మాత్రం మురిసిపోయింది.
"అరికాల్లో మచ్చున్నోళ్ళకి పయనాలెక్కువే పిల్లా,
ఊళ్ళేలీసినట్టు తిరుగుతావు."
అప్పటికి తను సింహాచలం కొండ దాటి ఎరగదు.

కె.జి.హెచ్.లో డాక్టరమ్మ
పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని
"ఎప్పట్నుంచి?" అంది.
దసరా నుంచని అత్తగారు.
నా టెన్త్ పరీక్షల నుంచని హరిణి.
నేను గోడమీద దోమల పోస్టరు చదువుతున్నాను.
పదిహేడేళ్ళు పక్కన పడుకున్నాను.
ఆ కాళ్ళు చల్లగా ఉంటాయని తెలుసు,
ఏ పట్టీకి మువ్వ ఊడిందో తెలుసు.
అరికాళ్ళు చూసిన గుర్తు లేదు.

పయనాలు మొదలయ్యాయి.
తెల్లారకుండా అగనంపూడి బస్సు,
గాజువాకలో ఎవరో లేస్తే తనకి సీటు.
స్కానింగుకో రోజు, రిపోర్టుకో రోజు,
గజ్జల్లో తేలిన బిళ్ళకి ఇంకో రోజు.
కిటికీలోంచి స్టీలుప్లాంటు పొగ చూస్తూ అంది:
"మాయమ్మ మాట పొల్లుపోలేదు. ఊళ్ళేలతన్నాను."
కండక్టరు నవ్వాడు. విషయం తెలియదు కదా.

మడమ కోసేశారు.
తొడమీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు.
తర్వాత చేయించాల్సిన ఇంజెక్షను ధర
చీటీ మీద రాసిచ్చారు,
సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాను.
కార్డు ఎంతవరకు, యూనియన్ అప్పు ఎంతవరకు,
తన చెవిదిద్దులు ఎంతవరకు,
ఆ లెక్క ఇక్కడ రాయను. ఇంకా తెగలేదు.

చూడ్డానికొచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు.
వెళ్తూ వెళ్తూ ఒకావిడ
తన చెప్పుల్ని నూకరత్నం చెప్పులకి దూరంగా
కాలితో జరుపుకుంది.
హరిణి చూసింది. ఏమీ అనలేదు.
ఆ రాత్రి అమ్మ చెప్పులు వేసుకుని
వీధి చివరిదాకా నడిచొచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే వసారాలో పడిన మసి మీద
మా ఇంటి జాడలన్నీ కనిపిస్తాయి.
చిన్నోడివి పరుగులు, అత్తగారివి ఈడ్పులు,
మధ్యలో ఒక పాదం, పక్కనే ఒక గుండ్రం,
ఒక పాదం, ఒక గుండ్రం,
కర్ర కింది రబ్బరు బిళ్ళది.
తుడవడం నా వంతు. తొందరగా తుడిచేస్తాను.

రాత్రి అన్నాలయ్యాక
చిన్నోడు ఫోను టార్చి వేసి
అందర్నీ వరసగా కాళ్ళు చాపమంటాడు.
వాడిది వాడు కనిపెట్టిన పని, ఎవరూ నేర్పలేదు.
వేళ్ళ సందులు కూడా విడదీసి చూస్తాడు.
నిన్న నా ఎడమ పాదం దగ్గర ఆగిపోయాడు.
టార్చి కదల్లేదు.
హరిణి చేతిలో దువ్వెన కదల్లేదు.
వాడు వేలు నాకి తడిచేసి రుద్దాడు.
పోయింది.
"మసి!" అన్నాడు.
ముందు నవ్వింది తనే,
నవ్వితే నొప్పెడుతుందని గజ్జల దగ్గర చెయ్యి పెట్టుకుని.

తర్వాత తన కాలు కూడా చాపింది:
"నాది చూడవేట్రా?"
ఇన్నాళ్ళూ ఆ కాలు దాటేసి పోయేవాడు.
కుట్ల చుట్టూ వెలుగు మెల్లిగా తిప్పాడు.
మెత్తగా, లేతగా ఉందక్కడ,
మిగతా పాదం రంగులో కలవని ముక్క.
"ఇది తొడ మీదిది కదమ్మా,
దీనికి నడవడం రాదు."
"నేర్పీవా మరి," అంది.
వాడు ఆలోచిస్తున్నాడు.
హార్బరు వైపు ఏదో ఓడ కూత వేసింది,
బొగ్గుదే అయ్యుంటుంది.
నేను లేచి కిటికీ వేశాను.