ఒత్తులకి చోటు

కీథ్లీ మార్కెట్లో, గుండీల డబ్బాల వెనకాల
డొరీన్ కొట్టు.
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాను,
మెడలో ఐడీ కార్డు ఇంకా ఊగుతూనే ఉంది.

పోయిన చలికాలం బట్ట చాల్లేదు.
అక్షరాల్ని కొలిచాను గాని
వాటి కింద వేలాడేవాటిని కొలవలేదు.
అడ్డం నూట ఇరవై ఆరు కుట్లు, నిలువు నలభై రెండు,
అంచుకి వేలెడు కూడా వదలకుండా కత్తిరించి
మూడు నెలలు కుడితే
'నిశబం' అని తేలింది.
శ కింద శకీ, బ కింద దకీ
నిలబడ్డానికి నేల లేదు.
మా ఆయన కళ్ళజోడు సర్దుకుని
"ఎవరి శవం?" అన్నాడు.

పగలు నిద్రపోయేదాన్ని.
తలుపుకి ఒక్క మాట చాలు నాకు.
ఆ ఒక్కదానికే ఇన్ని ఒత్తులు.

డొరీన్ మూడు బట్టలు పరిచింది:
అంగుళానికి పద్నాలుగు గళ్ళది, పదహారుది, పద్దెనిమిదిది.
"గడి చిన్నదైతే వంపు బాగా తిరుగుతుంది, లవ్."
నిజమే. పద్నాలుగు మీద నా సున్న
మెట్లబావిలా దిగుతుంది.
మనది గుండ్రటి రాత,
బట్టకేమో మూలలు తప్ప తెలియవు.
పద్దెనిమిదిదాన్ని వెలుతురుకి ఎత్తిపట్టుకున్నాను.
పన్నెండు గంటలు మానిటర్లు చూసొచ్చిన కళ్ళకి
రంధ్రాలన్నీ చీమలై కదిలాయి.

ఆవిడ నా భుజం పట్టుకుని
గోడ మీది నక్క బొమ్మ నుంచి
ఆరడుగులు వెనక్కి నడిపించింది.
పద్నాలుగు గళ్ళ తోక
నాలుగో అడుగుకే గుండ్రబడింది.
మా మెట్ల చివర నుంచి పడగ్గది తలుపుకీ
ఇంచుమించు అంతే.

తెలుపు వద్దన్నాను. రాత్రంతా మార్చిన దుప్పట్లు ఆ రంగే.
ఉలవపిండి రంగుది లాగింది.
ఓట్‌మీల్ అంటుందట ఆవిడ దాన్ని. అననీ.

ఈసారి ఒత్తులతో కలిపి డెబ్బై నిలువు.
తొమ్మిదంగుళాలు, ఐదంగుళాలు.
"చుట్టూ మూడేసి కలుపు.
చట్రం వెనక్కి మడిచేస్తావు, ఎవరికీ కనబడదు.
బిగువు పట్టేది మాత్రం అదే."
పదిహేను. పదకొండు.
రసీదు వెనకాల రాసి రెండుసార్లు కూడాను.

కత్తెర తీస్తూ అడిగింది,
ఇంతకీ ఏం రాస్తున్నావని.

పెదాల మీద వేలు పెట్టాను.

డొరీన్ అటూ ఇటూ చూసి
గళ్ళ వరస తప్పకుండా
గుసగుసగా కత్తిరించింది.